పాస్టరుగారి కడుపునొప్పి

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి వాకిట నిలబడి ఒక్కొక్కరికి వందనములు చెప్పే పాస్టరుకు వినిపించే మాటలన్నీ ఒకచోట వ్రాసిపెడితే మంచి హాస్య గ్రంథమవుతుంది. "పోయిన వారం బంధువులు వచ్చారండీ, అందుకని రాలేకపోయాము." (బంధువులను కూడా గుడికి వెంటబెట్టుకు రావచ్చునన్న ఆలోచన ఎవరికీ రాదు.) "బయలుదేరామండీ, ఇంతలో వాన పట్టుకుంది." ఆ వానలోనే ఆ ఉదయమే వారు సంతకు వెళ్ళివచ్చిన సంగతి పక్కింటివారు నాకు అప్పటికే చెప్పివుంటారు. నేను పనిచేసిన ఒక సంఘములో ఒక సోదరుడు, గేదె ఈనిందని ఒకే సంవత్సరంలో మూడుసార్లు ఆరాధన మానుకున్నాడు. వారికి ఉన్నది ఒకటే గేదె. గేదె చూడి పది నెలలని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను ఆయనను ఏమీ అనలేదు. "దూడలు మూడూ బాగున్నాయా?" అని మాత్రం అడిగాను. ఆయన నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు.

సెల్‌ఫోను వచ్చాక సాకులకు కరువే లేకుండా పోయింది. సిగ్నలు లేదు, ఛార్జింగు అయిపోయింది, సైలెంటులో పెట్టి మరచిపోయాను, పిల్లలు ఆడుకుంటుంటే మీ ఫోను కట్ అయిపోయింది. పాపం, ఈ రోజుల్లో ఇంటిలో ఏ తప్పు జరిగినా సగం ఆ ఫోను మీదకే పోతుంది.

ప్రియ చదువరులారా, ఇంతవరకు మిమ్మల్ని నవ్వించాను గాని, ఇతరుల సాకులను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ నాలుగు పుటలు.

మన భాషలో దీనికి పేర్లు చాలా ఉన్నాయి. పరిశుద్ధ గ్రంథమును తెలుగు చేసిన పెద్దలు నెపము అన్నారు. ఇండ్లలో మనము వంక అంటాము, సాకు అంటాము. వంక అంటే వంపు కూడా. తిన్నగా పోవలసిన మాట పక్కకు తిరిగితే అది వంక. ఇక సాకు అన్న మాట చూడండి. పిల్లలను సాకడం, కోళ్ళను సాకడం అంటాము గదా! నిఘంటువు సంగతి ఎలా ఉన్నా, అనుభవంలో ఈ రెండూ ఒకటే. సాకు చెప్పడం ఒక్క నిమిషం పని. తరువాత దానిని సాకాలి. మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, నలుగురి కంటా పడకుండా రాత్రిపూట కట్టేసుకోవాలి. నేను ఒక సాకును నాలుగు రోజులు సాకాను.

అది 2013 ఆగస్టు నెల. నాట్లు జరుగుతున్న రోజులు. కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊళ్ళలో ఒకదానిలో అప్పుడు నా పరిచర్య. సంఘములో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. తండ్రి ప్రభువునందు నిద్రించి ఏడాది అయింది. ఉన్న ఎకరంన్నర పంచుకునే దగ్గర, ఒక గట్టు మీద, ఒక పంటబోదె మీద పేచీ వచ్చింది. అన్న ముందు నీళ్ళు కట్టుకుంటే తమ్ముడి చేనుకు అందవు. తమ్ముడు ముందు కట్టుకుంటే అన్నకు కోపం. "గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఇద్దరినీ కూర్చోబెడదాం అయ్యగారూ, మీరు కూడా ఉంటే మాట వింటారు" అన్నాడు సంఘపెద్ద. వస్తానన్నాను.

గురువారం మధ్యాహ్నం నుంచే గుండె పీచుపీచుమంటోంది. తమ్ముడు నోటిదురుసు మనిషి. అన్న కానుకలు బాగా ఇచ్చే మనిషి. (ఈ రెండవ వాక్యం వ్రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.) ఎవరి వైపు మాట్లాడినా ఒక కుటుంబం నాకు దూరమవుతుంది. ఐదున్నరకు పెద్ద ఫోను చేశాడు. "అయ్యగారూ, బయలుదేరారా?"

"కడుపులో నొప్పిగా ఉంది పెద్దయ్యా. ఉదయం నుంచీ..." అన్నాను.

"ఉదయం నుంచీ" అన్న మాట అవసరమే లేదు. నిజంగా కడుపు నొప్పి ఉన్నవాడు కడుపు నొప్పి అని ఊరుకుంటాడు. అబద్ధమే సంతలో కూరగాయలవాడిలాగా కొసరు వేస్తుంది.

ఆ సమయానికి వంటింటిలో చేపల పులుసు ఉడుకుతోంది. మా ఇంటిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. అరగంట గడిచిందో లేదో, పెద్దగారి భార్య, మరి ఇద్దరు సహోదరీలు సగ్గుజావ పట్టుకుని వచ్చారు. "అయ్యగారికి ఎట్లా ఉంది అమ్మగారూ?" అని వారు అడగడం, "బాగానే ఉన్నారే!" అని మా ఆవిడ అనడం, లోపలనుంచి నేను మూలగడం, అన్నీ ఒకేసారి జరిగాయి. మా ఆవిడ వెనుదిరిగి నన్ను చూసింది. ఆ చూపుకు తగిన ఉపమానము నాకు ఇంతవరకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. తరువాత వారివైపు తిరిగి, "ఇప్పుడే కాస్త తగ్గినట్టుంది" అన్నది. దానితో ఆమె కూడా నా సాకులో పాలివారైపోయింది. అననీయ సప్పీరాల కథ మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పిల్లలు పులుసు తిన్నారు. నేను జావ త్రాగాను.

మరునాడు శుక్రవారం ఉదయం, బడికి బయలుదేరవలసిన మా పెద్దమ్మాయి (అప్పుడు దానికి ఏడేళ్ళు) మంచం దిగలేదు. "నాకు కూడా కడుపులో నొప్పి నాన్నా. ఉదయం నుంచీ" అన్నది. కొసరు కూడా వదలలేదు!

తొమ్మిది గంటలకు యవ్వనస్థులు ఆర్.ఎం.పి. డాక్టరును బండి ఎక్కించుకుని తీసుకువచ్చారు. ఆయన పొట్ట నొక్కి చూసి, నాలుక చూసి, కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని ఒక సూది వేశాడు. నొప్పి అబద్ధం గాని ఆ సూది నూటికి నూరుపాళ్ళు నిజం. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అదే నా పరిస్థితి.

సాకులు మనుష్యుడితో పాటే పుట్టాయి. ఆదాము మాట మనకు తెలిసిందే. తప్పు స్త్రీ మీద పెట్టి, ఆ స్త్రీని ఇచ్చిన దేవుని మీద కూడా కొంచెం పెట్టాడు. కాని నన్ను అడిగితే పాత నిబంధనలో మొదటి బహుమతి అహరోనుకు ఇవ్వాలి. ప్రజలు బంగారం తెచ్చి ఇచ్చారట, తాను అగ్నిలో వేశాడట, దూడ తానే బయటికి వచ్చిందట! పోతపోసి పోగరతో చెక్కింది అతడేనని అదే అధ్యాయంలో పైన వ్రాసివుంది. అంత పెద్ద యాజకుడు, అంత చిన్నపిల్లవాడి మాట.

లూకా సువార్త 14వ అధ్యాయంలోని గొప్ప విందు ఉపమానమును మన రైతు కుటుంబాలు ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకోగలవు. విందుకు పిలువబడినవారిలో ఒకడు పొలము కొన్నాను, వెళ్ళి చూడాలి అంటాడు. చూడకుండా పొలం ఎవరైనా కొంటారా? గట్లు తొక్కకుండా, నీటి వసతి అడగకుండా, మన్ను చేతిలోకి తీసుకుని నలపకుండా సెంటు భూమి కూడా కొనము. పైగా అది రాత్రి విందు. చీకటిలో ఏమి కనిపిస్తుంది? రెండవవాడు ఐదు జతల ఎడ్లు కొన్నాడు, పరీక్షించాలట. పళ్ళు చూడకుండా, కాడి కట్టి నడిపించకుండా పది ఎడ్లకు డబ్బు ఇచ్చినవాడు విందుకు వచ్చినా రాకపోయినా ఒకటే. మూడవవాడు పెండ్లి చేసుకున్నాను, రాలేను అన్నాడు. ముందరి ఇద్దరూ క్షమించమనైనా అడిగారు, ఇతడు అదీ అడగలేదు. కొత్తగా పెండ్లయినవాడికి ఒక సంవత్సరము యుద్ధము నుంచి విడుదల ఉన్నదని ద్వితీయోపదేశకాండములో ఉంది గాని, భోజనము నుంచి విడుదల ఎక్కడా లేదు.

ఇంత కుంటివైనా సాకులు ఎందుకు చెల్లుతాయి? బైబిలు కళాశాలలో కౌన్సెలింగు పాఠం చదివినప్పటినుంచి మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు దొరికినప్పుడల్లా చదవడం నాకు అలవాటు. 1978లో ఎలెన్ లాంగర్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ప్రకటించిన ఒక పరీక్ష ఉంది. న్యూయార్కులోని ఒక విశ్వవిద్యాలయంలో జిరాక్సు మిషను దగ్గర ఉన్నవారిని, "నావి ఐదు పేజీలే, ముందు నన్ను తీసుకోనిస్తారా?" అని అడగడమే ఆ పరీక్ష. ఊరికే అడిగితే నూటికి 60 మంది సరేనన్నారు. "తొందరలో ఉన్నాను గనుక" అని చేర్చితే 94 మంది. "కాపీలు తీసుకోవాలి గనుక" అని చేర్చినా 93 మంది! జిరాక్సు మిషను దగ్గరకు ఇంకెందుకు వస్తారు, నీళ్ళు తోడుకోవడానికా? అయినా "గనుక" అన్న మాట చెవిని పడగానే జనం పక్కకు తప్పుకున్నారు. ఇరవై పేజీలని అడిగినప్పుడు మాత్రం ఆ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు.

నాకు ఇందులో కనిపించింది ఏమంటే, మన సాకులు తెలివైనవి గనుక చెల్లడంలేదు. ఎదుటివారు మంచివారు గనుక చెల్లుతున్నాయి. నా కడుపునొప్పిని ఆ ఊరిలో ఒక్కరు కూడా అనుమానించలేదు. అదే నాకు శిక్ష.

శనివారం ఉదయానికి ఇంకొక చిత్రం జరిగింది. నా కడుపులో నిజంగానే ఏదో తిప్పుతున్నట్టు అనిపించింది! దీనికి కూడా శాస్త్రజ్ఞులు ఒక దారి చూపారు. 1959లో లియాన్ ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ అనే ఇద్దరు కొందరు విద్యార్థుల చేత ఒక గంటసేపు పరమ విసుగైన పని చేయించారు. చెక్క మేకులను కొంచెం కొంచెం తిప్పుతూ కూర్చోవడం వంటిది. తరువాత, రాబోయేవారితో ఆ పని ఎంతో సరదాగా ఉందని చెప్పమన్నారు. అందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి ఒక్క డాలరు ఇచ్చారు. 20 డాలర్లు పుచ్చుకున్నవారు అబద్ధం డబ్బుకోసం చెప్పామని లోపల తెలుసుకునే ఉన్నారు. ఒక్క డాలరుకు అబద్ధమాడినవారు మాత్రం, అంత తక్కువకు అబద్ధమాడానని ఒప్పుకోలేక, పని నిజంగానే బాగుందని నమ్మడం మొదలుపెట్టారు. నా అబద్ధం వెల ఒక్క సాయంత్రమే. అందుకే కాబోలు అంత తొందరగా నమ్మాను. "మూడు పూటలు జావ త్రాగి, అవసరం లేని సూది వేయించుకుంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది" అని మా ఆవిడ సిద్ధాంతం. అది కూడా కొట్టివేయదగినది కాదు.

ఆ ఉదయమే అవ్వ వచ్చింది. కాలువ అవతలి పేటలో ఒంటరిగా ఉండే విధవరాలు, డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. వానకు కాలువగట్టు జారుతుంటే చెప్పులు చేతపట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. రెండవ చేతిలో గుడ్డ వాసెన కట్టిన స్టీలు గిన్నె. వాము, సొంఠి వేసి కాచిన కషాయం. "నిన్న పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదయ్యా. మీకు తగ్గిందని చెప్పేదాకా ఉపవాసం పట్టాను" అన్నది.

నేను ఆ గిన్నె ఆమె ఎదుటనే ఎత్తి చివరిచుక్క వరకు త్రాగాను. "తగ్గింది అవ్వా, పూర్తిగా తగ్గిపోయింది" అన్నాను. ఆ మాట నిజమో అబద్ధమో నాకు ఈ రోజుకూ తేలలేదు. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఆమెకు అన్నం పెట్టింది. అవ్వ రెండు ముద్దలు తిని, మూడవ ముద్ద చేతిలో పట్టుకుని, "దేవుడు మంచివాడమ్మా" అన్నది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతార్పణలు చదివి ప్రార్థించడం మా ఆనవాయితీ. పుట్టినరోజు, పెండ్లిరోజు, అబ్బాయి పదవ తరగతి పాసైనందుకు, కొత్త మోటారు బిగించినందుకు, ఇలా ఒక్కొక్క కవరు మీద వ్రాసి ఇస్తారు. నాలుగవ కవరు మీద అవ్వ మనవరాలి చేతివ్రాత. "పాస్టరు అయ్యగారి స్వస్థత నిమిత్తము, 50 రూపాయలు." నాట్ల రోజుల్లో వంగలేని ముసలమ్మ దగ్గర యాభై రూపాయలంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. దానిని పైకి చదివాను. దానికొరకు ప్రార్థించాను. ఏమని ప్రార్థించానో గుర్తులేదు గాని చాలా గట్టిగా ప్రార్థించానని గుర్తు.

అప్పుడే చెప్పివుండవచ్చును. చెప్పకపోవడానికి ఇంకొక సాకు దొరికింది. అవ్వ మనసు గాయపడుతుంది, సంఘము విశ్వాసము సడలుతుంది అనుకున్నాను. కడుపునొప్పి కంటే ఇది మంచి బట్టలు తొడుక్కున్న సాకు. గొఱ్ఱెలను మిగుల్చుకున్న సౌలు రాజు కూడా బలి అర్పించడానికే మిగిల్చామని అన్నాడు గదా. కోశాధికారి ఆ యాభై రూపాయలను పద్దులో వ్రాశాడు. ఆ లెక్కల పుస్తకం ఆ గుడి బీరువాలో పెట్టే నేను వచ్చాను.

ఇక అన్నదమ్ముల సంగతి. ఆ గురువారం నేను లేకుండానే కూర్చున్నారు. మాటామాటా పెరిగింది. తెల్లవారేసరికి తమ్ముడు గట్టు తెంపాడు. విషయం పోలీసు స్టేషను దాకా పోయింది. ఆ క్రిస్మసుకు రెండు కుటుంబాలు గుడిలో చెరొక పక్క కూర్చున్నాయి. మరుసటి క్రిస్మసుకు తమ్ముడి కుటుంబం రాలేదు. నేను వెళ్ళివుంటే అంతా చక్కబడేదని చెప్పను. వెళ్ళినా చక్కబడేది కాదులే అని కూడా చెప్పను, ఎందుకంటే రాత్రులు నిద్ర పట్టనప్పుడు నేను సాకుతూ వచ్చిన మరొక సాకు అది.

థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే ఇద్దరు 1994లో పశ్చాత్తాపము మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఈ మధ్య జరిగినవాటిలో మనుష్యులు తాము చేసిన పనికి ఎక్కువ బాధపడతారట. సంవత్సరాలు గడిచి వెనుతిరిగి చూసుకున్నప్పుడు మాత్రం చేయకుండా విడిచిపెట్టిన పనే ఎక్కువగా బాధిస్తుందట. నా విషయంలో అది అక్షరాలా అలాగే జరిగింది. మొదటి నెల అంతా నన్ను కాల్చింది అబద్ధము, జావ, సూది, యాభై రూపాయలు. తరువాత అవన్నీ మెల్లగా నవ్వు వచ్చే కథలైపోయాయి, మీకు ఇప్పుడు చెప్పినట్టు చెప్పుకోగలుగుతున్నాను. ఆ సాయంత్రం పెద్దగారి వసారాలో నా కోసం వేసి, ఖాళీగా ఉండిపోయిన కుర్చీ మాత్రం అలాగే ఉంది.

2019లో నాకు ఆ ఊరినుంచి బదిలీ అయింది. సెలవు తీసుకోవడానికి ఇంటింటికీ వెళ్ళాను. అన్న ఇంటిలో కాఫీ ఇచ్చారు. తమ్ముడి ఇంటిలో మంచినీళ్ళు ఇచ్చారు. ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చినవాడికి అదీ ఎక్కువే. ఆ గురువారం నాకు ఏ నొప్పీ లేదని, భయపడి రాలేదని అతనితో చెప్పాను. అతను నా ముఖంలోకి చూడకుండా, "మీకు మా అన్న ఇచ్చే కానుకలు కావాలి లెండి" అన్నాడు. చాలా జవాబులు నోటిదాకా వచ్చాయి. అన్నీ సాకులే. వందనాలు చెప్పి లేచాను.

అక్కడినుంచి అవ్వ దగ్గరకు వెళ్ళాను. నులకమంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. మొత్తం చెప్పాను. ఫోను, చేపల పులుసు, సూది, అన్నీ. విన్నంతసేపూ ఆమె చెయ్యి ఆగలేదు. చివరకు ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరి, "అయితే నా యాభై రూపాయలు పైన ఏ పద్దులో పడ్డట్టయ్యా?" అన్నది.

మనస్తత్వ శాస్త్రవేత్త సి. ఆర్. స్నైడర్, మరి ఇద్దరితో కలిసి సాకుల మీద ఒక పెద్ద పుస్తకమే వ్రాసి 1983లో ప్రచురించాడు. దాని పేరును మన మాటల్లో చెప్పాలంటే, కృపను వెదుకుతూ తిరిగే మారువేషాలు. బోధకుడు ఎవరూ పెట్టలేనంత మంచి పేరు. ఆ పేరు నాకు అర్థమైంది మాత్రం పుస్తకం వలన కాదు. నేను జేబులో చెయ్యి పెట్టబోతుంటే అవ్వ వారించి, "దేవుడికిచ్చింది మీరెట్టా తిరిగిస్తారు? ఊరుకోండి" అని, కాసేపాగి, "భయమేస్తుంది అవ్వా అని కబురు పెడితే దానికే పట్టేదాన్నిగా ఉపవాసం. సొంఠి దంచే పనైనా తప్పేది" అన్నది. తరువాత లోపలికి వెళ్ళి టీ కాచి తెచ్చింది.

2022లో ఉజ్జీవ సభలకు ఆ ఊరు వెళ్ళాము. గుడి నిండా జనం. వెనుక వరుసలోనుంచి అవ్వ గొంతు వినబడింది. "కడుపు ఎట్టా ఉంది అయ్యగారూ?"

నేను నోరు తెరవకముందే మా ఆవిడ జవాబు చెప్పింది. "బాగానే ఉన్నారు అవ్వా. ఉదయం నుంచీ."